చీర మనది, కత్తెవరిది?

మా చెల్లెలి మనవరాలికి దయ్యాలంటే ప్రాణం. తొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టిందీ పెరుగుతున్నదీ అమెరికాలోనే అయినా తెలుగు చక్కగానే మాట్లాడుతుంది. కాకపోతే నన్ను ‘పెద్దవ్వా’ అని పిలిచేటప్పుడు ఆ ‘వ్వ’ దగ్గర కొంచెం ఊగుతుంది. కిందటి అక్టోబరు ఆఖర్లో ఫోనులో కనబడింది. నల్ల గౌను, నెత్తిన సూదిమొన టోపీ, చేతిలో చీపురుకట్ట.

“ఇల్లు ఊడుస్తున్నావా తల్లీ?” అన్నాను.

“కాదు పెద్దవ్వా, నేను విచ్‌ని. ఇవాళ హాలోవీన్. మీ తిరుపతిలో హాలోవీన్ లేదంట కదా, అమ్మ చెప్పింది. పోనీ భయం వేసే ప్లేసులన్నా ఉన్నాయా? నేనొచ్చినప్పుడు అన్నీ చూపించాలి. లిస్టు రాసిపెట్టు” అని ఆర్డరేసింది.

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు చుట్టాలు కొత్త కాదు. దర్శనం టిక్కెట్టు దొరుకుతుందా, లడ్లు ఎన్నిస్తారు, పద్మావతమ్మ గుడికి ఎన్నింటికి పోతే జనం ఉండరు – ఇవీ వాళ్ళడిగేవి. ఇన్నేళ్ళలో భయపడ్డానికి ఎక్కడికి పోవాలని అడిగినవాళ్ళు మాత్రం లేరు. అందుకని కాగితం, పెన్నూ తీసుకుని నిజంగానే కూచున్నాను.

హాలోవీను సంగతి నాకు బొత్తిగా తెలియదనుకోకండి. ఐర్లండు వైపు పంటలు ఇంటికొచ్చి చలి మొదలయ్యే వేళ, ఆ ఒక్క రాత్రీ చచ్చిపోయినవాళ్ళు తిరిగొస్తారని పూర్వం నమ్మేవాళ్ళట. దుంపలు తొలిచి లోపల దీపం పెట్టేవాళ్ళు. 19వ శతాబ్దంలో అక్కడివాళ్ళు పొట్ట చేతబట్టుకుని అమెరికాకు వలసపోతే, అక్కడ దుంపకంటే పెద్దదీ తొలవడానికి సులువైనదీ గుమ్మడికాయ దొరికింది. మనమూ గుమ్మడికాయ మీద రాక్షసుడి మొహం గీసి గుమ్మానికి వేలాడదీస్తాం కదా. వియ్యమందడానికి అట్టే దూరం లేదనిపిస్తుంది. పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, మిఠాయి పెడతావా, అల్లరి చెయ్యమంటావా అంటారు. ఇల్లుగలవాళ్ళు మిఠాయి పెట్టి పంపిస్తారు. బెంగళూరు, హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో కూడా ఇప్పుడిది జరుగుతోంది. పిల్లల ముచ్చట, నాకేం అభ్యంతరం లేదు. అందులో భయం మాత్రం లేదు. ఎవరూ ఎవరికీ భయపడరు. భయపడినట్టు నటించడమే అక్కడి మర్యాద.

సరే, లిస్టు. మొదట చంద్రగిరి కోట రాశాను. సాయంత్రం ఎండ వాలేవేళ రాజమహల్ ముందు నిలబడితే గుండె ఝల్లుమనే మాట నిజమే. కానీ అది భయం కాదు, జాలి. విజయనగర రాజులు ఆఖరి రోజుల్లో రాజధాని చేసుకున్న చోటు. ఇప్పుడు పురావస్తుశాఖవారి మ్యూజియం. పిల్లకు బోరు కొడుతుందని కొట్టేశాను.

రెండోది ఎగ్జిబిషన్లో పెట్టే భూత్ బంగళా. అట్టలూ గుడ్డలూ కలిపి కట్టిన గుడారం, బయట కోరల మైనపు బొమ్మ, లోపల చీకటి. టిక్కెట్టు కొనుక్కుని భయపడాలి. మా అమ్మాయి కాలేజీలో చదివే రోజుల్లో బతిమాలితే, ఒక ఊళ్ళో ఎగ్జిబిషనుకి దాన్ని తీసుకుని పోయాను. ఊగే అస్థిపంజరం ఊగింది. పడాల్సిన శవపేటిక మూత పడింది. రికార్డులో నక్కలు కూశాయి. ఇంతలో చీకట్లో నా భుజం మీద ఒక చెయ్యి పడింది. పడి ఊరుకుందా, కిందికి జారింది. దయ్యం చెయ్యి చల్లగా ఉంటుందని చిన్నప్పుడు విన్నాను. ఇది వెచ్చగా ఉంది. గట్టిగా అరిచాను. ముందూ వెనకా ఉన్నవాళ్ళు నేను దయ్యానికి జడుసుకున్నాననుకుని పకపకా నవ్వారు. బయటికొచ్చాక చూస్తే మా అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. దానికేం జరిగిందో అది చెప్పలేదు, నేనడగలేదు. ఇద్దరం మిరపకాయ బజ్జీలు కొనుక్కుని తినకుండా చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాం. కాబట్టి అదీ కొట్టేశాను.

ఇక మిగిలింది గంగమ్మ జాతర. అక్టోబరులో కాదు, మే నెలలో; చలిలో కాదు, మాడు పగిలే ఎండలో. ఆ మాటకొస్తే మా జిల్లాలకు గంగమ్మల కొదవ లేదు. చిత్తూరులో నడివీధి గంగమ్మ, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ, కుప్పంలో తిరుపతి గంగమ్మ, శ్రీకాళహస్తిలో ఒకరికి ఏడుగురు గంగమ్మలు. కానీ వారం పొడుగునా రోజుకొక వేషం కట్టే సంబరం మా తాతయ్యగుంట గంగమ్మదే. కొండమీది స్వామికి చెల్లెలు. జాతరకు దేవస్థానం నుంచి సారె వస్తుంది.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈ సీమలో ఒక పాలెగాడు ఉండేవాడు. కొత్తగా పెళ్ళయిన పిల్ల ఎవరైనా సరే మొగుడి గడపకంటే ముందు తన గడప తొక్కాలని శాసించాడు. అవిలాలలో కైకాల వారింట పెరిగిన గంగమ్మ మీద వాడి కన్ను పడింది. ఆవిడ తన విశ్వరూపం చూపించింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతకడానికి ఆవిడ రోజుకొక వేషం వేసింది. అందుకే చాటింపు వేసిన మర్నాడు బుధవారం బైరాగి, గురువారం బండ, శుక్రవారం తోటి, శనివారం దొర, ఆదివారం మాతంగి, సోమవారం సున్నపుకుండలు. మంగళవారం జాతర.

బైరాగికి ఒంటినిండా నామంకొమ్ము పూసుకుని రెల్లకాయల దండలు వేసుకుంటారు. బండకు కుంకం, తోటికి బొగ్గుపొడీ వేపాకూ, దొరకు గంధం. అమ్మవారి తరఫున అసలు వేషాలు కట్టే హక్కు కైకాల వంశంవాళ్ళది. ఊళ్ళోవాళ్ళు మొక్కుకుని కట్టేవి వేరే. ఆ వేషాలు వీధిలోకొస్తే ఇల్లాళ్ళు గుమ్మం ముందు నిలబడి కాళ్ళమీద పసుపునీళ్ళు పోసి హారతిస్తారు. అక్కడి దయ్యం మిఠాయి అడిగి తీసుకుని పోతుంది. ఇక్కడ భయంకరమైనదానికి కాళ్ళు కడిగి లోపలికి రమ్మంటాం. రెండింటికీ నేను చూసిన పెద్ద తేడా ఇదే.

ఆ భయం కూడా ఉత్తుత్తిది కాదు సుమా. మా అవ్వ మొహం నిండా మశూచి మచ్చలుండేవి. ‘అమ్మవారు పోసింది’ అనేవాళ్ళు. వేసవి వచ్చిందంటే ఏ ఇంటి గుమ్మానికి వేపమండలు కడతారో అని తల్లులు బిక్కుబిక్కుమనేవాళ్ళు. మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో. అంటే ఇది చదివేవాళ్ళలో కొందరి చిన్నతనం దాకా ఆ భయం బతికే ఉంది. అంబలి కాచి పోయడం, పసుపు, వేపాకు – ఇవన్నీ మంచాన పడ్డ పిల్లల పక్కన రాత్రుళ్ళు మేలుకున్న ఆడవాళ్ళ చేతుల్లోంచి వచ్చినవే.

బండవేషం రోజు మాకు మాత్రం జైలే. ఆ రోజు వేషగాళ్ళు నోటికొచ్చిన బూతులు తిడతారు. దాక్కున్న పాలెగాడు పౌరుషమొచ్చి బయటపడాలని గంగమ్మే అలా తిట్టిందంటారు. మంచి కుటుంబాల ఆడపిల్లలు వినకూడదని కిటికీ రెక్కలు బిగించి మమ్మల్ని నడింట్లో కూచోబెట్టేవాళ్ళు. ఒక ఏడు నేను దాహానికని లేచి చూద్దును కదా, మమ్మల్ని లోపల పెట్టిన మా అవ్వ మిద్దెమీద పిట్టగోడ పక్కన నిలబడి వింటూ ఉంది!

“ఏందవ్వా, నువ్వు వినొచ్చునా?” అన్నాను.

“ఒక్క దినమే కదా మే. మనం అనలేనియన్నీ వాళ్ళు అంటా ఉండారు. వినేదానికి గూడా కూడదా?” అంది, కళ్ళు వీధి మీంచి తిప్పకుండా.

అప్పుడు నవ్వుకున్నాను. ఎగ్జిబిషన్ గుడారంలోంచి బయటికొచ్చిన రాత్రి ఆ మాట గుర్తొచ్చింది. ఆ రోజు నా నోట ఒక్క తిట్టు రాలేదు. అరుపు మాత్రం వచ్చింది.

ఈ కథలో నాకు చాలా ఇష్టమైన చోటు దొరవేషం. బైరాగి వచ్చినా పాలెగాడు బయటికి రాలేదు. తోటి వచ్చినా రాలేదు. అన్ని తిట్లు తిట్టినా రాలేదు. దొరగారొచ్చారు అనేసరికి తలపాగా సర్దుకుని వచ్చేశాడు! మన ఆఫీసుల్లో చూడటం లేదూ? గుమాస్తాలు మొత్తుకున్నా కదలనివాళ్ళు పైఆఫీసరు జీపు చప్పుడుకి ఎలా లేచి నిలబడతారో. వాడి తల అక్కడే తెగింది. ఆ కథ అల్లినవాళ్ళకు మగవాళ్ళ సంగతి క్షుణ్ణంగా తెలుసు.

ఇక సినిమా సంగతి. ఈ జాతరను ఇప్పుడు దేశమంతటికీ తెలిసేలా చేసింది 2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’. అల్లు అర్జున్ నీలం చీర కట్టుకుని, మొహానికి రంగు పూసుకుని, మెడలో నిమ్మకాయల దండతో ఉన్న బొమ్మ 2023 ఏప్రిల్లోనే బయటికొచ్చింది. ఆ మేలో తిరుపతి ఎంపీ గురుమూర్తి జాతరలో మాతంగి వేషం కడితే, ఆ ఫోటో చూసినవాళ్ళంతా ‘అచ్చం పుష్ప’ అన్నారు. ఎంత విడ్డూరమో చూడండి! ఏ వేషాన్ని చూసి సినిమా తీశారో ఆ వేషమే సినిమాను పోలి ఉందన్నమాట.

ఏ మాటకామాట చెప్పుకోవాలి. మా వాళ్ళంతా కలిసి ఆ సినిమాకు పోయాం, జాతర ఘట్టం వచ్చేసరికి నా ఒళ్ళు జలదరించింది. మన సినిమాల్లో మగవాడు చీర కట్టాడంటే నవ్వులాటకే. ‘మేడమ్’లో రాజేంద్రప్రసాద్, ‘చిత్రం భళారే విచిత్రం’లో నరేష్ – అవి చూసి మనమూ కడుపుబ్బ నవ్వినవాళ్ళమే. దర్శకుడు సుకుమార్ ఇక్కడ ఆ చీరను నవ్వుకు వాడుకోలేదు. హాల్లో ఒక్కడు కూడా ఈల వెయ్యడానికి సాహసించనట్టు ఆ నటుడు నడిచాడు. భుజాలు, మెడ, కాళ్ళ కింద నేల – అన్నీ మారిపోయాయి. మా వీధిలో చిన్నప్పుడు చూసిన వేషగాళ్ళు కళ్ళముందు కదిలారు. అది మెచ్చుకోక తప్పదు.

కానీ కథ ఏమైందో చూడండి. జాతరలో హీరో అన్న కూతురి మీద ఒక పెద్దింటి పోకిరి చెయ్యి వేస్తాడు. చీరలో ఉన్న హీరో వాడి పని పడతాడు. ఆ తర్వాత ఆ పిల్లనే ఎత్తుకుపోతారు, మళ్ళీ హీరోయే పోయి విడిపిస్తాడు. ఆ పిల్ల సినిమా అంతటా చేసింది ఏమిటి? భయపడటం, ఏడవటం, చిన్నాన్న కోసం ఎదురుచూడటం. మూల కథలో ఆ పిల్లే కదండీ గంగమ్మ! చెయ్యి ఎవరిమీద పడిందో ఆవిడే విశ్వరూపం చూపించింది, ఆవిడే వేషాలు వేసింది, ఆవిడే తల నరికింది. మధ్యలో చిన్నాన్న లేడు. సినిమావాళ్ళు మన చీర తీసుకున్నారు, గాజులు తీసుకున్నారు, పసుపూ కుంకుమా తీసుకున్నారు. కత్తి మాత్రం మగవాడి చేతిలో పెట్టారు.

“వాణిజ్య చిత్రం, హీరో కొట్టకపోతే టిక్కెట్టు ఎవరు కొంటారు?” అన్నారు మావారు. టిక్కెట్టు కొన్నవాళ్ళలో సగంమందిమి మనమే కదా అన్నాను. ఆయన కారు తాళాలు వెతుక్కోసాగారు.

అలాగని జాతరలో అంతా ఆడవాళ్ళ రాజ్యమని నేననను. జాయిస్ ఫ్లూకిగర్ అని ఒక అమెరికా ప్రొఫెసరమ్మ మా జాతర మీద ఒక పుస్తకమే రాసింది. ‘వెన్ ది వరల్డ్ బికమ్స్ ఫిమేల్’ అని 2013లో అచ్చయింది. లోకం ఆడదైపోయినప్పుడు అని దాని అర్థం. జాతర వేళ మగవాళ్ళు వేషం కట్టి మారాలి గానీ ఆడవాళ్ళు మారనక్కర్లేదు, వాళ్ళలో ఉన్నదే కొంచెం పైకొస్తుంది అంటుందావిడ. పుస్తకం చదివి నేను సగం ఒప్పుకున్నాను. మంగళవారంనాడు గుడి ముందు మూడురాళ్ళ పొయ్యి పెట్టి, ఎండలో పొంగలి వండే ఆడదాని మొహం చూస్తే ఆవిడ మాట నిజమే అనిపిస్తుంది.

మిగతా సగం ఒప్పుకోలేకపోవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా బంధువొకాయన ఏటా మొక్కు తీర్చుకునేవాడు. అందుకు మా అమ్మ పట్టుచీరే కావాలి. జడ నేను అల్లేదాన్ని, కాటుక మా పిన్ని పెట్టేది. అద్దం ముందు కూచుని ఆయన సిగ్గుపడుతుంటే మాకందరికీ ముద్దొచ్చేవాడు. ఆ పూట ఆయన కాళ్ళకు మేమంతా మొక్కేవాళ్ళం. మర్నాడు పొద్దున ఆ మనిషే, కాఫీ ఆలస్యమైందని పెళ్ళాం మీదికి గ్లాసు విసిరాడు. ఆవిడ వంటింట్లోకి పోయి, చీరకంటిన రంగు పోవడానికి అప్పటికే నానబెట్టి ఉంచిన మా అమ్మ పట్టుచీర పిండటం మొదలుపెట్టింది. లోకం ఆడదైతే సరే. మర్నాడు బుధవారం కూడా అది గుర్తుండాలి కదా!

ఆ బుధవారం తెల్లవారకముందే జాతర ఆఖరి ఘట్టం. గుడి ముందు మట్టితో అమ్మవారి పెద్ద మొహం నిలబెడతారు. అదే విశ్వరూపం. పేరంటాలు వేషం కట్టిన కైకాల ఆయన వచ్చి ఆ మట్టిచెంప తొలగిస్తాడు. అంతే, జనం మీదపడి ఆ మట్టికోసం ఎగబడతారు. పిడికెడు దొరికితే ఇంట్లో దాచుకుంటారు, జబ్బుకు మందంటారు. నేను ఒకే ఒక్కసారి చూశాను. అంతసేపూ భయంకరంగా కళ్ళెర్రజేసిన మొహం కన్నుమూసి తెరిచేంతలో మామూలు మన్నై, ఆడవాళ్ళ కొంగుల్లో మూటలై వెళ్ళిపోయింది. ఆ తోపులాటలో ఎవరి మోచెయ్యో నా పక్కటెముకలకు తగిలింది. అది మాత్రం నిజంగా తోపులాటలో తగిలిన చెయ్యే. తేడా మనకు తెలుస్తుంది.

ఆదివారం ఫోనులో పిల్లకు లిస్టు చదివాను. లిస్టులో ఒక్కటే ఉందని మొదట మొహం ముడుచుకుంది గానీ, తల నరకడం దగ్గరకొచ్చేసరికి కళ్ళు చక్రాలు చేసుకుంది.

“అమ్మాయిలు ఏ వేషం వెయ్యొచ్చు పెద్దవ్వా?”

చిన్నపిల్లలకు నామంకొమ్ము పూసి బైరాగి వేషం వేస్తారు, నీకూ వేయిస్తానన్నాను.

“నాకది వద్దు. నాకు దొర వేషం కావాలి. కత్తి ఉండేది.”

అడిగి చూస్తానన్నాను. ఎవరిని అడగాలో ఇంకా ఆలోచిస్తున్నాను. ఊళ్ళో పెద్దవాళ్ళలో వేషం కట్టేది చాలామట్టుకు మగవాళ్ళే. అయినా ఒంటికి గంధం పూసుకుని, వేపమండ చేతబట్టుకుని తొమ్మిదేళ్ళ పిల్ల వీధిలో నడిస్తే కాదనే ఇల్లాలు మా ఊళ్ళో ఉంటుందని నేననుకోను.

“తల కొట్టేశాక ఇంటికెళ్ళిపోయిందా?” అంది.

లేదమ్మా, మర్నాడు మాతంగి వేషంలో పాలెగాడి పెళ్ళాం దగ్గరికి పోయిందంటారు అన్నాను. ఆ ముక్క సినిమాలో లేదు. మొగుడు చచ్చి ఏడుస్తున్న ఆ మనిషిని ఓదార్చడానికి చంపిన ఆవిడే పోయింది.

అవతల పిల్ల కాసేపు మాట్లాడలేదు. చీపురుకట్ట ఇంకా చేతిలోనే ఉంది.

“అప్పుడు ఆ ఆంటీ ఏమంది?”

మా అవ్వ అయితే సరిగ్గా అక్కడ కథ ఆపి, ఒక వక్కపలుకు నోట్లో వేసుకుని, “పోయి పండుకోండి మే, పొద్దుపోయింది” అనేది.